జనరేటర్ నడుస్తూనే ఉంది, సర్వర్లు ఆగిపోయాయి

ఆ రోజు మా చిన్న డేటా సెంటర్‌లో కరెంటు పోయిన పది సెకన్లలోపే జనరేటర్ స్టార్ట్ అయింది. బయట నుంచి ఆ చప్పుడు వినగానే హమ్మయ్య అనుకుని నేను నా పనిలో పడిపోయాను. నలభై నిమిషాలు గడిచాక యూపీఎస్ (కరెంటు లేనప్పుడు సర్వర్లని బ్యాటరీల మీద నడిపే పెట్టె) అలారం మొదలైంది, ఆగింది, మళ్లీ మొదలైంది, మళ్లీ ఆగింది. వెళ్లి చూస్తే జనరేటర్ నడుస్తోంది, కానీ యూపీఎస్ మాత్రం దాని కరెంటు తీసుకోవడం లేదు, ఇన్‌పుట్ ఫ్రీక్వెన్సీ (కరెంటు తరంగం సెకనుకి ఎన్నిసార్లు వస్తుందన్న లెక్క) సరిగ్గా లేదని డిస్‌ప్లే మీద చూపిస్తూ లోడ్‌ని బ్యాటరీ మీదకి మార్చేస్తోంది. లోడ్ పోయేసరికి ఇంజిన్ తేరుకుంటుంది, ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్‌కి వస్తుంది, యూపీఎస్ మళ్లీ జనరేటర్ మీదకి వస్తుంది, అది రాగానే ఇంజిన్ గొంతు బొంగురుపోయి ఫ్రీక్వెన్సీ 46కి పడిపోతుంది, మళ్లీ బ్యాటరీ. పావుగంట సేపు ఇదే తంతు. చివరికి బ్యాటరీలు ఖాళీ అయ్యి పన్నెండు ర్యాకుల సర్వర్లూ ఒక్కసారిగా ఆగిపోయాయి. గదిలో ఫ్యాన్ల హోరు పోయాక బయట జనరేటర్ చప్పుడు ఇంకా స్పష్టంగా వినిపించింది. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు మెకానిక్ వచ్చి డీజిల్ ఫిల్టర్ విప్పితే లోపల నల్లటి జిగురు. ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డి అంతా అక్కడికి వచ్చి పట్టేసింది. ప్రతి సోమవారం పది నిమిషాలు టెస్ట్ చేస్తూనే ఉన్నాం కదా, అప్పుడెప్పుడూ ఇలా కాలేదే అని అడిగాను. "లోడ్ లేకుండా తిప్పితే ఏం తెలుస్తుంది సార్, ఖాళీ బండిని ఎవరైనా లాగుతారు" అన్నాడు. నిజమే. లోడ్ లేనప్పుడు ఇంజిన్‌కి కావాల్సిన డీజిల్ చాలా తక్కువ, ఫిల్టర్ ముప్పాతిక మూసుకుపోయినా ఆ కాస్త డీజిల్ ఎలాగో అందుతుంది. అసలు లోడ్ పడితే దానికి ఎన్నో రెట్లు కావాలి, అప్పుడు గానీ బయటపడదు. రెండేళ్లపాటు ప్రతి వారం మేము రిజిస్టర్‌లో "ఓకే" అని రాసుకున్నది ఇంజిన్ స్టార్ట్ అవుతుందన్న ఒక్క విషయం గురించే.

ఆ తర్వాత కొత్త జనరేటర్ ఎంచుకునే బాధ్యత, దాన్ని చూసుకునే బాధ్యత రెండూ నా మీదే పడ్డాయి. ఈ మధ్యలో నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. నాలాగా సర్వర్లు తెలిసి ఇంజిన్లు తెలియని వాళ్లు చిన్న డేటా సెంటర్లలో చాలామంది ఉంటారు, వాళ్లకి పనికొస్తుంది.

ముందు సైజు. మా పాత జనరేటర్ 250 కేవీఏ (జనరేటర్ సైజు చెప్పే కొలత). పెద్దదైతే ఎప్పటికైనా సరిపోతుంది కదా అని ఎవరో ఎప్పుడో పెట్టించారు. మా లోడ్ రాత్రిపూట 50 కిలోవాట్ల దగ్గర ఉండేది. 250 కేవీఏ అంటే 0.8 పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా పనికొచ్చే వాట్ల వంతు) దగ్గర 200 కిలోవాట్లు, అంటే అది తన శక్తిలో నాలుగో వంతు మాత్రమే పనిచేసేది. డీజిల్ ఇంజిన్‌కి ఇది మంచిది కాదు. 30 శాతం కంటే తక్కువ లోడ్ మీద ఎక్కువసేపు నడిస్తే సిలిండర్లు తగినంత వేడెక్కవు, డీజిల్ పూర్తిగా కాలదు, కాలని డీజిల్, మసి, ఆయిల్ కలిసి సైలెన్సర్‌లో జిగటగా పేరుకుంటాయి. వెట్ స్టాకింగ్ అంటారు దీన్ని. మా సైలెన్సర్ జాయింట్ దగ్గర నల్లగా కారుతుంటే ఆయిల్ లీక్ అనుకుని గుడ్డతో తుడిచేవాళ్లం. అదే ఆ జబ్బు లక్షణమని తర్వాత తెలిసింది. ఇలా చాలాకాలం నడిస్తే ఇంజెక్టర్లు, పిస్టన్ రింగులు కూడా పాడవుతాయి, పూర్తి లోడ్ ఇచ్చినప్పుడు ఇంజిన్‌కి ఆ శక్తి ఉండదు. కాబట్టి చిన్నది కొంటే ఎంత ప్రమాదమో మరీ పెద్దది కొన్నా అంతే ప్రమాదం.

మరి ఎంత కావాలి? సర్వర్ల మీద రాసిన వాట్లు కూడితే లెక్క తప్పుతుంది. ఒక్కో సర్వర్‌కి 750 వాట్ల పవర్ సప్లైలు రెండు ఉంటాయి, కానీ అది నిజంగా తినేది 250 ఉండొచ్చు. యూపీఎస్ డిస్‌ప్లే మీద కనిపించే అవుట్‌పుట్ కిలోవాట్లు కనీసం ఒక నెలపాటు రాసుకుని, అందులో అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకె తీసుకోండి. మాకు అది 40 కిలోవాట్లు. యూపీఎస్ సామర్థ్యం 94 శాతం దగ్గర ఉంటుంది, అంటే ఇంకో 3 కిలోవాట్లు దానిలోనే వేడిగా పోతాయి. కరెంటు పోయి జనరేటర్ వచ్చేలోపు బ్యాటరీలు కొంత ఖాళీ అవుతాయి కదా, వాటిని మళ్లీ ఛార్జ్ చేయడానికి 6 కిలోవాట్లు. దీన్ని చాలామంది మర్చిపోతారు. ఏసీ యూనిట్లకి 16. లైట్లు, తలుపుల కంట్రోల్, ఫైర్ ప్యానెల్, చిల్లర మల్లర సామాను అన్నిటికీ 3. మొత్తం 68 కిలోవాట్లు. 125 కేవీఏ జనరేటర్ తీసుకుంటే 100 కిలోవాట్లు వస్తాయి, మా లోడ్ 68 శాతం దగ్గర ఉంటుంది, ర్యాకులు ఇంకో రెండు పెరిగినా చోటు ఉంటుంది, రాత్రిపూట తగ్గినా 30 శాతం కిందకి ఎప్పుడూ పడదు. అక్కడ ఆగాం.

ఆ 100 కిలోవాట్లు కూడా ఏ లెక్క మీద ఇస్తున్నారో అడగాలి. ఐఎస్ఓ 8528 అనే ప్రమాణం ప్రకారం ఒకే ఇంజిన్‌కి వేర్వేరు రేటింగులు ఉంటాయి. ఎమర్జెన్సీ స్టాండ్‌బై అంటే ఏడాదికి 200 గంటల లోపు వాడకం, 24 గంటల సగటు లోడ్ ఆ రేటింగ్‌లో 70 శాతం మించకూడదు, ఓవర్‌లోడ్ అసలు లేదు. ప్రైమ్ అంటే గంటల పరిమితి లేదు, సగటు ఇక్కడా 70 శాతమే, కానీ 12 గంటల్లో ఒక గంటపాటు 10 శాతం అదనంగా లాగొచ్చు. 2018లో వచ్చిన సవరణలో డేటా సెంటర్ల కోసం విడిగా ఒక రేటింగ్ కూడా చేర్చారు. బ్రోచర్ మీద పెద్ద అక్షరాలతో కనిపించేది చాలాసార్లు స్టాండ్‌బై అంకె, ఎందుకంటే అదే పెద్దది. కరెంటు అరుదుగా పోయే చోట అది చాలు. తరచూ గంటల తరబడి పోయే చోట ప్రైమ్ అంకెనే లెక్కలోకి తీసుకోండి, 68ని 70 శాతంతో భాగించి చూసుకుంటే మా లాంటి లోడ్‌కి 97 కిలోవాట్లు కావాలి, అంటే సరిగ్గా సరిపోతుంది, పెద్దగా మిగలదు. ఇంకో మాట, మీ గది ఉన్న ప్రాంతం ఎత్తు, అక్కడి ఎండాకాలం వేడి చెప్పి, ఆ పరిస్థితుల్లో ఎంత ఇస్తుందో కాగితం మీద రాసి తీసుకోండి. గాలి పలచబడినా వేడెక్కినా ఇంజిన్ శక్తి తగ్గుతుంది, ఎంత తగ్గుతుందన్నది ఇంజిన్‌ని బట్టి మారుతుంది, అందుకే వాళ్ల చేతే రాయించుకోవాలి.

ఇప్పుడు నేను ఎక్కువసేపు చెప్పాలనుకుంటున్న విషయం: జనరేటర్‌కీ యూపీఎస్‌కీ మధ్య పొత్తు. ఒకదాన్ని ఒకరు అమ్ముతారు, రెండోదాన్ని ఇంకొకరు అమ్ముతారు, రెండూ కలిసి పనిచేస్తాయా అని చూసే బాధ్యత ఇద్దరికీ ఉండదు. మా పాత జనరేటర్‌కి ఉన్నది మెకానికల్ గవర్నర్ (ఇంజిన్ స్పీడ్‌ని అదుపు చేసే భాగం). లోడ్ పెరిగేకొద్దీ దాని స్పీడ్ సహజంగానే 3 నుంచి 5 శాతం తగ్గుతుంది. 50 హెర్ట్జ్ అంటే 1500 ఆర్‌పీఎం, 60 అంటే 1800, స్పీడ్ తగ్గితే ఫ్రీక్వెన్సీ అంత తగ్గినట్టే. బల్బుకీ ఫ్యాన్‌కీ దాంతో పట్టింపు లేదు, యూపీఎస్‌కి ఉంది. ఎలక్ట్రానిక్ గవర్నర్ అయితే లోడ్ ఎంత ఉన్నా స్పీడ్‌ని దాదాపు ఒకేచోట నిలబెడుతుంది. యూపీఎస్ ఉన్న చోట ఎలక్ట్రానిక్ గవర్నరే ఉండాలి, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. లోడ్ ఒక్కసారిగా పడినప్పుడు ఫ్రీక్వెన్సీ ఎంతవరకు జారొచ్చన్నదానికి కూడా ఆ ఐఎస్ఓ ప్రమాణంలోనే తరగతులున్నాయి, జీ2 అయితే 10 శాతం, జీ3 అయితే 7 శాతం. మేము జీ3 అడిగాం.

ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్ తిప్పితే కరెంటు పుట్టించే భాగం దగ్గర ఇంకో చిక్కు. యూపీఎస్ కరెంటుని సాఫీగా లాగకుండా ముక్కలు ముక్కలుగా లాగితే వోల్టేజ్ తరంగం ఆకారం చెడిపోతుంది, ఈ చెడుని హార్మోనిక్స్ అంటారు. పాతకాలం 6 పల్స్ రెక్టిఫయర్ (వచ్చే కరెంటుని డీసీగా మార్చే భాగం) ఉన్న యూపీఎస్‌లలో ఈ హార్మోనిక్స్ 30 శాతం దాకా ఉంటాయి, ఇప్పుడొచ్చే, ఐజీబీటీ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో పనిచేసే వాటిలో 5 శాతం లోపే. మీది పాత యూపీఎస్ అయితే ఇంజిన్ అదే ఉంచి ఆల్టర్నేటర్ మాత్రం ఒక సైజు పెద్దది పెట్టమని అడగండి, దాని లోపలి రియాక్టెన్స్ (మారే కరెంటుకి ఎదురయ్యే అడ్డు) తగ్గుతుంది కాబట్టి తరంగం అంతగా చెడదు. వోల్టేజ్‌ని నిలబెట్టే ఏవీఆర్‌కి కావాల్సిన పవర్ ఎక్కడి నుంచి వస్తుందో కూడా అడగండి. మామూలు వాటిలో ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ నుంచే తీసుకుంటుంది, ఆ అవుట్‌పుట్టే చెడిపోతే ఏవీఆర్ కూడా తడబడుతుంది. పీఎంజీ అని, పర్మనెంట్ మాగ్నెట్‌తో విడిగా పవర్ ఇచ్చే చిన్న జనరేటర్ అదే షాఫ్ట్ మీద పెడతారు, అది ఉంటే ఏసీ కంప్రెసర్ స్టార్ట్ అయినప్పుడు కూడా వోల్టేజ్ త్వరగా తేరుకుంటుంది.

యూపీఎస్‌లో రెండు సెట్టింగులు తప్పకుండా చూడండి. ఒకటి వాక్‌-ఇన్, అంటే జనరేటర్ రాగానే లోడ్ అంతా ఒక్కసారిగా మీద వేయకుండా 10 నుంచి 30 సెకన్లలో మెల్లగా ఎక్కించడం. రెండోది, జనరేటర్ మీద ఉన్నంతసేపు బ్యాటరీ ఛార్జింగ్ తగ్గించడం. జనరేటర్ ప్యానెల్ నుంచి యూపీఎస్‌కి ఒక చిన్న వైరు లాగితే ఆ సంకేతం వెళ్తుంది. మా పాత యూపీఎస్‌లో ఈ రెండూ ఉన్నాయి, ఎవరూ ఆన్ చేయలేదు. ఇవి ఆన్ చేసి, ఫ్రీక్వెన్సీ పరిధిని కాస్త వెడల్పు చేసి ఉంటే, ఆ మూసుకుపోయిన ఫిల్టర్‌తో కూడా ఇంకో గంట నెట్టుకొచ్చేవాళ్లమేమో.

కొత్త సర్వర్ల పవర్ సప్లైలు, యూపీఎస్‌ ఫిల్టర్లు లోడ్ తక్కువగా ఉన్నప్పుడు కెపాసిటర్‌లాగా ప్రవర్తిస్తాయి, అంటే కరెంటు తరంగం వోల్టేజ్ తరంగం కంటే ముందు నడుస్తుంది, దీన్నే పవర్ ఫ్యాక్టర్ లీడింగ్‌లోకి వెళ్లడం అంటారు. జనరేటర్ దీన్ని చాలా కొద్దిగా మాత్రమే తట్టుకోగలదు, పరిధి దాటితే ఏవీఆర్ చేతుల్లోంచి వోల్టేజ్ జారిపోయి పైకి ఎగబాకుతుంది. జనరేటర్ మీద మొదట యూపీఎస్ ఒక్కటే ఎక్కి, ఏసీలు ఇంకా రాని ఆ నిమిషంలో ఇది బయటపడే అవకాశం ఎక్కువ. ఆల్టర్నేటర్ తయారీదారు దగ్గర దీనికి ఒక గ్రాఫ్ ఉంటుంది, అడిగితే ఇస్తారు, యూపీఎస్ వాళ్లకి చూపించండి.

ఏసీల మాట వచ్చింది కాబట్టి. చిన్న గదుల్లో ఏసీలు యూపీఎస్ మీద ఉండవు. కరెంటు పోయిన క్షణం నుంచి 40 కిలోవాట్ల వేడి మూసిన గదిలో పోగవుతూ ఉంటుంది. సర్వర్లకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ఆష్రే (ఏసీ, వెంటిలేషన్ ఇంజినీర్ల అమెరికా సంఘం) సిఫారసు, ఏసీలు లేకపోతే ఆ పై గీత దాటడానికి కొద్ది నిమిషాలు చాలు. బ్యాటరీలో అరగంట బ్యాకప్ ఉందని నిశ్చింతగా ఉంటే, బ్యాటరీ కంటే ముందు వేడే సర్వర్లని ఆపేస్తుంది. పైగా కంప్రెసర్లకి ఆగిన తర్వాత మళ్లీ మొదలవ్వడానికి కొన్ని నిమిషాల టైమర్ ఉంటుంది. నేరుగా స్టార్ట్ అయ్యే మోటారు మొదట మామూలు కంటే ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది, అందుకే రెండు ఏసీలూ ఒకేసారి రాకుండా ఒకదాని టైమర్‌ని ఒక నిమిషం వెనక్కి పెట్టాం.

డీజిలా గ్యాసా అన్న ప్రశ్నకి నా జవాబు సూటిగా చెప్తాను. చిన్న డేటా సెంటర్‌కి డీజిలే. గ్యాస్ ఇంజిన్ పొగ తక్కువ, ఇంధనం నిల్వ చేసే బాధ లేదు, కానీ ఒక్కసారిగా పడే లోడ్‌ని డీజిల్ అంత వేగంగా అందుకోదు, పైపులైన్ ఆగితే మన చేతిలో ఏమీ ఉండదు.

డీజిల్‌తో వచ్చే బాధ్యత మాత్రం చాలా ఉంది. 68 కిలోవాట్ల లోడ్‌కి గంటకి 18, 19 లీటర్లు ఖర్చవుతాయి, కిలోవాట్ గంటకి పావు లీటర్ కంటే కాస్త ఎక్కువ అని గుర్తుపెట్టుకుంటే చాలు. ట్యాంకు 400 లీటర్లంటే మొత్తం వాడుకోగలమని కాదు, అడుగున పైపుకి అందని భాగం పోను 350 అనుకోండి, 18 గంటలు వస్తుంది. డేటా సెంటర్లకి స్థాయిలు నిర్ణయించే అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ తన టియర్ ప్రమాణాల్లో కనీసం 12 గంటల ఇంధనం అక్కడే ఉండాలంటుంది. నా దృష్టిలో అసలు అంకె వేరే చోట ఉంది: రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే డీజిల్ బండి మీ గేటు దగ్గరికి రావడానికి ఎన్ని గంటలు పడుతుంది? దానికి రెండింతలు నిల్వ ఉండాలి. ఊరంతా కరెంటు లేనప్పుడు ఆ డీజిల్ కోసం అందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు.

డీజిల్ నిల్వ ఉంటే చెడిపోతుంది. ఆరు నెలల నుంచి ఏడాది అయ్యేసరికి ఆక్సిజన్‌తో కలిసి జిగురు తయారవడం మొదలవుతుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే పైన ఉన్న గాలిలో తేమ రాత్రి చల్లబడి నీటిబొట్లుగా కిందకి దిగుతుంది. నీళ్లు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరతాయి, ఆ నీళ్లకీ డీజిల్‌కీ మధ్య అంచున బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. మా ఫిల్టర్‌లో దొరికిన నల్ల జిగురులో చాలాభాగం అదే. బయోడీజిల్ కలిపినదైతే నీళ్లని ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. ఇప్పుడు మేము ట్యాంకుని ఎప్పుడూ నిండుగా ఉంచుతున్నాం, నెలకోసారి అడుగున ఉన్న డ్రెయిన్ తిప్పి ఒక గాజు సీసాలో పట్టి చూస్తున్నాం, అడుగున నీళ్ల పొర కనిపిస్తే శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలేస్తున్నాం, ఏడాదికోసారి ట్యాంకులో డీజిల్ అంతా బయట ఫిల్టర్ మిషన్ గుండా తిప్పి శుభ్రం చేయిస్తున్నాం. డీజిల్ ఫిల్టర్లు రెండు సెట్లు జనరేటర్ పక్కనే పెట్టెలో ఉంటాయి, మార్చడం, ఆ తర్వాత హ్యాండ్ పంప్ కొట్టి లైనులో ఎయిర్ తీయడం మా టీమ్‌లో నలుగురికి వచ్చు. మెకానిక్ వచ్చేదాకా ఆగాల్సిన పని కాదు అది, పది నిమిషాల పని. ఆ రోజు మాకు అది తెలిసి ఉంటే ఇవాళ ఈ పోస్టే ఉండేది కాదు.

ఎక్కడ పెట్టాలన్నది కూడా ఇంధనంతో ముడిపడిన విషయమే. 2012 అక్టోబర్‌లో శాండీ తుఫాను న్యూయార్క్‌ని ముంచినప్పుడు లోయర్ మాన్‌హటన్‌లో 75 బ్రాడ్ స్ట్రీట్ భవనంలో జనరేటర్ 17వ అంతస్తులో భద్రంగానే ఉంది, కానీ దానికి డీజిల్ పంపే వ్యవస్థ బేస్‌మెంట్‌లో నీట మునిగింది. అక్కడి ఇంజినీర్లు, వాళ్ల కస్టమర్లు బకెట్లతో డీజిల్‌ని మెట్ల మీదుగా 17 అంతస్తులు మోసి సర్వర్లని నిలబెట్టారు. ఆ మనుషులంటే నాకు చాలా గౌరవం. మనం నేర్చుకోవాల్సింది మాత్రం ట్యాంకు, పంపు, ప్యానెల్, ఇంజిన్, వీటిలో ఏ ఒక్కటీ నీళ్లు చేరే చోట ఉండకూడదని.

రేడియేటర్ నుంచి వచ్చే వేడిగాలి మళ్లీ తిరిగి ఇంజిన్ గదిలోకే వస్తే గంటలోపే టెంపరేచర్ ఎక్కువై ఆగిపోతుంది, చిన్న టెస్టుల్లో ఇది కూడా బయటపడదు. పొగ గొట్టం మీ గదికి గానీ, మనుషులుండే గదులకి గానీ గాలి వెళ్లే కిటికీల వైపు ఉండకూడదు, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, రంగూ వాసనా లేని విషం అది.

ఇక రోజువారీ చూసుకోవడం. జనరేటర్ స్టార్ట్ కాకపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇంజిన్ కాదు, సెల్ఫ్ మోటారుకి కరెంటు ఇచ్చే బ్యాటరీ. మీటర్ పెట్టి చూస్తే 12.6 వోల్టులు చూపించే బ్యాటరీ కూడా సెల్ఫ్ కొట్టినప్పుడు కుప్పకూలొచ్చు, అందుకే లోడ్ టెస్టర్‌తో చూడాలి, లోడ్ మీద 9.6 కంటే కిందకి పడితే దాన్ని నమ్మకూడదు. మేము బాగున్నా బాగోకపోయినా రెండున్నరేళ్లకి మార్చేస్తున్నాం, బ్యాటరీ మీద పెయింట్‌తో తేదీ రాసి పెడుతున్నాం. టెర్మినల్స్ మీద తెల్లగా పొడి పట్టకుండా శుభ్రం చేయడం, ఛార్జర్ ఆగిపోతే వెంటనే మా మానిటరింగ్‌లో అలారం వచ్చేలా వైరింగ్ చేయడం, ఈ రెండూ ఖర్చు లేని పనులే.

రెండో పెద్ద కారణం వింటే మనసు చివుక్కుమంటుంది. సర్వీస్ చేసిన మనిషి స్విచ్‌ని ఆటోలో పెట్టకుండా వెళ్లిపోవడం. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ నొక్కి ఉండిపోవడం, డీజిల్ వాల్వ్ మూసి ఉండిపోవడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. మా దగ్గర ఇప్పుడు సర్వీస్ అయ్యాక ఆ మనిషి వెళ్లేముందు మాలో ఒకరు వెళ్లి ఆటోలో ఉందో లేదో స్వయంగా చూసి, ఫోటో తీసి గ్రూపులో పెడితేనే సంతకం పెడతాం. "నాట్ ఇన్ ఆటో" అలారం కూడా యూపీఎస్ అలారంతో సమానంగా ఫోన్లకి వచ్చేలా పెట్టాం.

కూలెంట్ హీటర్ గురించి ఒక మాట. ఆగి ఉన్న ఇంజిన్‌ని 40 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచితేనే అది పది సెకన్లలో లోడ్ తీసుకోగలదు. ఎప్పుడైనా అటు వెళ్లినప్పుడు ఇంజిన్ బ్లాక్ మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉంటే హీటర్ పోయినట్టే. ఆ హీటర్‌కి వెళ్లే రబ్బరు గొట్టాలు ఏడాది పొడవునా వేడిలో ఉంటాయి కాబట్టి అన్నిటికంటే ముందు పగిలేవి అవే. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ గంటలు తక్కువ నడిచినా ఏడాదికోసారి మార్చాలి. బెల్టులు, ఎయిర్ ఫిల్టర్ మామూలే.

టెస్ట్ మాత్రం మామూలు విషయం కాదు. అమెరికాలో ఎమర్జెన్సీ జనరేటర్ల కోసం ఉన్న ఎన్‌ఎఫ్‌పీఏ 110 ప్రమాణం నెలకోసారి కనీసం 30 నిమిషాలు, కనీసం 30 శాతం లోడ్ మీద నడపమంటుంది, అంత లోడ్ లేనివాళ్లు ఏడాదికోసారి లోడ్ బ్యాంక్ తెచ్చి 50 శాతం మీద అరగంట, 75 శాతం మీద గంట నడపాలంటుంది. లోడ్ బ్యాంక్ అంటే పెద్ద హీటర్ పెట్టె, జనరేటర్ కరెంటుని ఊరికే వేడిగా మార్చేస్తుంది. మేము రెండూ చేస్తున్నాం. నెలకోసారి మెయిన్ బ్రేకర్‌ని నిజంగా ఆఫ్ చేస్తాం. ప్యానెల్ మీద టెస్ట్ బటన్ నొక్కడం కాదు, కరెంటు పోయినట్టే పోవాలి. అప్పుడు గానీ కరెంటు పోయిందని కనిపెట్టే రిలే, లోడ్‌ని జనరేటర్ మీదకి మార్చే ఛేంజోవర్ స్విచ్, యూపీఎస్, ఏసీ టైమర్లు అన్నీ వరుసలో పనిచేస్తున్నాయో లేదో తెలియదు. మొదటిసారి అలా ఆఫ్ చేసినప్పుడు అందరికీ టెన్షనే, మేనేజర్ ఒప్పుకోవడానికే మూడు వారాలు పట్టింది. నేను చెప్పింది ఒక్కటే: ఆగిపోయే రాత ఉంటే, మనమందరం ఇక్కడ నిలబడి, మెకానిక్ పక్కన ఉండి, బ్యాకప్ తీసుకున్న ఆదివారం ఉదయం ఆగిపోనివ్వండి.

కరెంటు వచ్చాక వెంటనే ఆపకుండా, పది నిమిషాలు చూసి మళ్లీ ఒకసారి తీసేస్తాం. కరెంటు నిజ జీవితంలో ఒకేసారి పోయి ఊరుకోదు, పోతూ వస్తూ ఉంటుంది. 2007 జులై 24న శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక పెద్ద డేటా సెంటర్ ఇలాగే దెబ్బతింది, కరెంటు వెంటవెంటనే పోయి వచ్చినప్పుడు కొన్ని ఇంజిన్ల కంట్రోలర్లలో మెమరీ సరిగ్గా రీసెట్ కాక అవి స్టార్ట్ కాలేదు. విడివిడిగా చేసిన టెస్టుల్లో కనిపించని లోపం అది.

టెస్టు జరిగిన అరగంటలో ఐదు నిమిషాలకోసారి అంకెలు రాస్తాం: మూడు ఫేజుల వోల్టేజ్, కరెంటు, ఫ్రీక్వెన్సీ, ఆయిల్ ప్రెజర్, కూలెంట్ టెంపరేచర్, డీజిల్ మట్టం. "ఓకే" అని రాయడం నిషేధం. డీజిల్ మట్టం గేజ్ చూసి కాదు, కర్ర ముంచి కొలుస్తాం, గేజ్ ఇరుక్కుపోవడం ఒకసారి చూశాం కాబట్టి.

ఒక పని మిగిలి ఉంది. మాది ఒక్కటే జనరేటర్, రెండోదానికి చోటూ లేదు, బడ్జెట్టూ లేదు. అందుకని గోడ బయట ఒక కనెక్షన్ పెట్టె పెట్టిస్తున్నాం, మాది పాడైతే అద్దె జనరేటర్ లారీ మీద వచ్చి అక్కడ కేబుళ్లు తగిలించుకునేలా. కేబుల్ పొడవు, ఫేజ్ వరుస, బ్రేకర్ సైజు కాగితం మీద రాసి ఆ పెట్టె తలుపు లోపలి వైపు అంటిస్తాం. ఫేజ్ వరుస తప్పితే ఏసీ కంప్రెసర్లు వెనక్కి తిరుగుతాయి, అర్ధరాత్రి హడావుడిలో ఆ తప్పు చాలా సులభం.

పోయిన నెల టెస్టులో లోడ్ పడగానే ఫ్రీక్వెన్సీ 48.7కి దిగి, రెండు సెకన్లలో 50కి వచ్చేసింది. యూపీఎస్ ఒక్కసారి కూడా బ్యాటరీ మీదకి వెనక్కి వెళ్లలేదు. వచ్చే ఆదివారం మళ్లీ బ్రేకర్ తీస్తున్నాం, ఈసారి టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి చేత డీజిల్ ఫిల్టర్ మార్పిస్తాం, నేను పక్కన నిలబడి చూస్తానంతే.